వెర్లిన్ స్టకీ చెప్పిన రెండు మాటలు

వెర్లిన్ స్టకీకి చిన్నప్పటి నుంచీ నత్తి. ముఖ్యంగా ప, బ, మ అక్షరాలతో మొదలయ్యే మాట వస్తే పెదాలు అతుక్కుపోయేవి, మెడ నరాలు ఉబ్బేవి. ఎదుటివాళ్ళు జాలిపడి ఆ మాటేదో తామే అందించేదాకా అలా నిలబడిపోయేవాడు. అందుకే హైస్కూల్లో వడ్రంగం నేర్పే ఉద్యోగం చూసుకున్నాడు. రంపం పట్టుకున్నవాణ్ణి కబుర్లాడమని ఎవరూ అడగరు. సాయంత్రాలు ఆ స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో, అదే బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటలో, ముందు వరస కుర్రాళ్ళకి, అంటే ఒళ్ళడ్డం పెట్టి వెనకవాళ్ళకి దారి చేసే లావుపాటి వాళ్ళకి, పని నేర్పేవాడు. నోటితో కాదు. బురదలో చేతులానించి వంగి, తనే చేసి చూపించేవాడు.

డెల్మర్ ఉన్రూ అతన్ని మొదటిసారి చూసింది అక్కడే. ఆయన గ్రీర్ సిటీలో ఓస్టర్‌మన్ కాలేజీ జట్టుకి హెడ్ కోచ్. ఒక కుర్రాణ్ణి తన కాలేజీలో చేరమని అడగడానికి వచ్చి, ఆ కుర్రాణ్ణి వదిలేసి, కంచె పట్టుకుని గంటసేపు వెర్లిన్‌నే చూస్తూ నిలబడ్డాడు. సాధన ముగిశాక దగ్గరికొచ్చి, మా కాలేజీకి వచ్చెయ్యమన్నాడు. తనకి మాట సరిగా రాదని చెప్పడానికే వెర్లిన్‌కి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ డెల్మర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క మాట కూడా అందించలేదు. అంతా విన్నాక, "మా లావుపాటి వెధవలు ఎలాగూ మాట వినర్రా. నువ్వు చేసి చూపించు, చాలు," అన్నాడు.

అది డెబ్భై ఆరో సంవత్సరం. వెర్లిన్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఆయన పక్కనే పనిచేశాడు.

డెల్మర్‌కి తెలిసింది ఒకటే ఆట. దాన్ని ఆప్షన్ అంటారు. బంతి గాల్లోకి విసిరే పని దాదాపు లేదు, అంతా పరుగే. అందులో కిటుకు ఏమిటంటే, అవతలి జట్టులో ఒకణ్ణి కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలేస్తారు. బంతి చేతిలో ఉన్న క్వార్టర్‌బ్యాక్ వాడి భుజాల వంకే చూస్తాడు. వాడు లోపలికి దూకితే బంతి తనే పట్టుకుని పక్కకి పరిగెడతాడు. వాడు ఆగితే, నడిమధ్యగా దూసుకెళ్ళే బలమైనవాడి పొట్టలో బంతి పెట్టేస్తాడు. అంచు దాకా వెళ్ళాక ఇంకొకడు ఎదురైతే, పక్కనే పరిగెత్తుకొస్తున్న మూడోవాడికి విసిరేస్తాడు. ఇదంతా చిటికెలో తేలిపోవాలి. పెద్ద కాలేజీలు అక్కర్లేదన్న పొట్టివాళ్ళతో, పొలం పని చేసి గట్టిపడ్డ కుర్రాళ్ళతో పెద్దవాళ్ళని ఓడించడానికి అంతకన్నా మంచి ఆట లేదని డెల్మర్ నమ్మకం. ముందు వరసవాళ్ళ అడుగులు జానెడు అటూ ఇటూ అయితే అది చెడిపోతుంది. ఆ జానెడు వెర్లిన్ చేతిలో ఉండేది.

ఎనభై ఆరులో విచిటా నగరం నుంచి వచ్చిన రోలండ్ పెట్టీ అనే నల్లజాతి కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా ఉండగా పదికి పది ఆటలూ గెలిచారు. ఆ ఏడాది ఫొటో ఇప్పటికీ ఊళ్ళోని కో-ఆప్ కాఫీ హోటల్లో కౌంటరు వెనకాల గోడకి ఉంది. అందులో వెర్లిన్ చివరి వరసలో, తల కొంచెం పక్కకి తిప్పుకుని ఉంటాడు.

తర్వాత రోజులు మారాయి. చుట్టుపక్కల కాలేజీలన్నీ బంతి విసిరే ఆటకి మారిపోయాయి. మంచి కుర్రాళ్ళు టీవీలో చూసిన ఆటే ఆడతామన్నారు. తొంభై ఏడులో ఓస్టర్‌మన్ నాలుగు గెలిచి ఆరు ఓడింది. తొంభై ఎనిమిదిలో నవంబరు వచ్చేసరికి గెలిచినవి రెండే. శనివారాలు స్టాండ్లలో పెద్దవాళ్ళు కోట్లు ముడుచుకుని కూర్చుని, ఆటలో మూడో పావు మొదలవకముందే లేచి వెళ్ళిపోయేవారు.

ఆ నవంబరులో ఒక సోమవారం పొద్దున, కాలేజీలో ఆటల విభాగం చూసే కర్టిస్ బేల్ వెర్లిన్‌ని తన గదికి పిలిచాడు. బేల్‌కి నలభై ఏళ్ళు, మాట మెత్తన. కాఫీ తనే పోసిచ్చాడు. నోరీన్ ఎలా ఉందని అడిగాడు. నోరీన్ వెర్లిన్ భార్య, ఆ కాలేజీ లైబ్రరీలోనే పనిచేస్తుంది. తర్వాత తలుపు మూసి, మీరంటే నాకు గౌరవం అంటూ మొదలుపెట్టాడు. కొత్త కోచ్ ఎవరొచ్చినా, పాతవాళ్ళలో ఒకరిని ఉంచమని తను చెప్పగలనన్నాడు. ఆ ఒకరు ఎవరనేది ఇంకా తేల్చుకోలేదన్నాడు.

"ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఈ ఆప్షన్ ఆట పని అయిపోయిందా లేదా?"

వెర్లిన్‌కి యాభై ఒకటి. మాట తడబడే యాభై ఒక్కేళ్ళ వాణ్ణి, ఎవరూ ఆడని ఆట తప్ప ఇంకోటి తెలియనివాణ్ణి, ఎవరు పిలిచి ఉద్యోగమిస్తారు? ఈ లెక్క అతను అక్కడ కూర్చుని వేసింది కాదు. రెండేళ్ళుగా పొద్దున్నే గడ్డం గీసుకుంటూ వేస్తూనే ఉన్నాడు.

"అయిపోయిందండీ," అన్నాడు. "ఆ సంగతి కోచ్‌కి కూడా తెలుసు. పైకి ఒప్పుకోడు, అంతే."

ఆ రెండు మాటలూ ఎక్కడా ఆగకుండా, నీళ్ళు పోసినట్టు వచ్చాయి. పెదాలు అతుక్కోలేదు, నరం ఉబ్బలేదు. బేల్ కూడా ఒక క్షణం వింతగా చూశాడు. మెట్లు దిగుతూ వెర్లిన్ ఆ సంగతే తలుచుకున్నాడు. నిజం చెప్పాల్సిన ప్రతిసారీ పట్టేసే నోరు ఈ ఒక్కసారికి ఎందుకంత సాఫీగా ఆడిందో అతనికి అర్థం కాలేదు. మొదటి మాట సంగతి అటుంచినా, రెండోది పచ్చి అబద్ధం. డెల్మర్‌కి అలాంటిదేమీ తెలియదు. ఆట బాగానే ఉంది, కుర్రాళ్ళే తక్కువయ్యారని ఆయన ఆ ముందురోజు కూడా అన్నాడు.

పన్నెండు రోజులకి డెల్మర్‌ని తీసేశారు. విలేకరుల ముందు బేల్ చాలా మర్యాదగా మాట్లాడాడు. ఈ ఆటకి కాలం చెల్లిందని కోచ్ ఉన్రూకి మనసులో తెలుసనీ, ఆయనతో రోజూ కలిసి పనిచేసినవాళ్ళే ఆ సంగతి తమతో చెప్పారనీ అన్నాడు. మర్నాడు ఊళ్ళో పేపర్లో ఆ ముక్కే పెద్దక్షరాల్లో వచ్చింది.

డెల్మర్ తన గది ఖాళీ చేస్తుంటే వెర్లిన్ అట్టపెట్టెలు మోశాడు. ముసలాయన పేపరు తీసి ఆ వాక్యం వేలితో చూపించి, ఇదెవడి పనో తనకి తెలుసన్నాడు. డ్వైట్ లాఫ్‌గ్రెన్ పేరు చెప్పాడు. డ్వైట్ ఇరవై ఏడేళ్ళ కుర్ర కోచ్, బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళకి పాఠం చెప్పేవాడు. అంతకుముందు వారమే బేల్ గదిలోంచి బయటికొస్తూ కనిపించాడట. అసలు సంగతి, డ్వైట్ పెళ్ళికి సెలవు అడగడానికి వెళ్ళాడు. అది వెర్లిన్‌కి తెలుసు. పెట్టె చేతిలో పట్టుకుని నోరు తెరిచాడు. నోరు పట్టేసింది. డెల్మర్ ఎప్పట్లాగే ఓపిగ్గా ఆగాడు. వెర్లిన్ కళ్ళు దించుకుని, పెట్టె కారులో పెట్టొస్తానని సైగ చేసి వెళ్ళిపోయాడు.

"నిన్ను ఉంచుతున్నారట కదా. మంచిదేరా. మన వాళ్ళలో ఒక్కడైనా మిగిలాడు," అని వెనకనుంచి డెల్మర్ అనడం వినిపించింది.

గ్రీర్ సిటీ చిన్న ఊరు. నెల తిరక్కుండా డ్వైట్ పేరు కో-ఆప్ హోటల్లో, చర్చి మెట్ల మీద, ఎక్కడ చూసినా అదే మాటతో వినిపించింది. అన్నం పెట్టిన చేతినే కాటేశాడన్నారు. అతని పెళ్ళికి డెల్మర్ వెళ్ళలేదు, ఆయన్ని చూసి జట్టువాళ్ళూ వెళ్ళలేదు. వెర్లిన్ వెళ్ళాడు. నోరీన్ ఎంపిక చేసిన దుప్పట్ల జత పట్టుకుని వెళ్ళి, సగం ఖాళీ బెంచీల మధ్య కూర్చున్నాడు. డ్వైట్ అతని రెండు చేతులూ పట్టుకుని, మీరొక్కరైనా వచ్చారు కోచ్ అన్నాడు. తర్వాత మూడు చోట్ల డ్వైట్ కోచ్ ఉద్యోగానికి ప్రయత్నించాడు. ప్రతిచోటా వాళ్ళు డెల్మర్‌కి ఫోన్ చేసి అడిగారు. ఆయన చెడుగా ఏమీ చెప్పలేదు, కాని మంచి కూడా చెప్పలేదు. డ్వైట్ పక్క కౌంటీలో ట్రాక్టర్లు అమ్మే దుకాణంలో చేరాడు.

కొత్త హెడ్ కోచ్ ట్రెంట్ మాల్‌బీ. ముప్పై నాలుగేళ్ళు, నల్లద్దాలు, ఎప్పుడూ నోట్లో చూయింగ్ గమ్. అతనిది పూర్తిగా బంతి విసిరే ఆట. ముందు వరసవాళ్ళు ఇప్పుడు ముందుకి దూకకూడదు, వెనక్కి అడుగులు వేస్తూ గోడలా నిలబడాలి. ఇరవై రెండేళ్ళుగా ముందుకి అడుగెయ్యడం నేర్పిన వెర్లిన్, యాభై రెండో ఏట వెనక్కి నడవడం నేర్చుకున్నాడు. మాల్‌బీ అతన్ని 'తాతా' అనేవాడు. కుర్రాళ్ళు అతని నత్తిని అనుకరిస్తుంటే నవ్వు ఆపుకునేవాడు కాదు. కోచ్‌లందరికీ వ్యూహాల పుస్తకం ఇచ్చి, వెర్లిన్‌కి మాత్రం అతనికి కావాల్సిన నాలుగు కాగితాలు ఇచ్చేవాడు. ఇదంతా తనకి తగిన శాస్తే అని వెర్లిన్ ఊరుకున్నాడు. అలా అనుకోవడంలో కొంచెం సుఖం కూడా ఉండేది. అదీ అతనికి సిగ్గుగానే ఉండేది.

మొదటి ఏడు రెండు గెలిచారు, రెండో ఏడు ఒకటి, మూడో ఏడు నాలుగు, నాలుగో ఏడు ఆరు. ఆరు గెలవగానే మాల్‌బీకి టెక్సస్‌లో పెద్ద కాలేజీ నుంచి పిలుపొచ్చింది. డిసెంబరులో ఒక మధ్యాహ్నం గోడ మీది తన ఫొటోలు తీసుకుంటూ, అటుగా వెళ్తున్న వెర్లిన్‌ని పిలిచాడు.

"తాతా, ఒకటడుగుతా, ఏమనుకోకు. నీకు పుస్తకం పూర్తిగా ఎందుకివ్వలేదో నీకు తెలుసా?"

తెలియదన్నట్టు వెర్లిన్ తల ఊపాడు.

"నేను చేరిన రోజే బేల్ చెప్పాడు. ముసలాయన్ని తీసెయ్యడానికి మాకు కావాల్సిన మాట అందించింది స్టకీయే, అందుకే ఉంచామని. పాతికేళ్ళు చూసుకున్నాయన్నే అమ్మేసినోడివి, నన్నెందుకు అమ్మవు? కోపంతో అనట్లేదు. నువ్వు మంచి పనోడివే."

చెయ్యి చాపాడు. వెర్లిన్ ఆ చెయ్యి పట్టుకుని ఊపాడు. తర్వాత సామాన్ల గదిలోకి వెళ్ళి, హెల్మెట్ల అరల మధ్య ఒక బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు. ఒళ్ళంతా ఉమ్మేసినట్టు అనిపించింది. నాలుగేళ్ళు బేల్‌కి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు. రోజూ తన ఎదురుగా నిలబడ్డవాడికి మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే తాతా అని పిలిచాడు.

జనవరిలో కొత్త హెడ్ కోచ్‌ని ప్రకటించారు. రోలండ్ పెట్టీ. ఎనభై ఆరు జట్టులో క్వార్టర్‌బ్యాక్, ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళవాడు, విచిటాలో ఒక హైస్కూలు జట్టుని ఆప్షన్ ఆటతోనే మూడుసార్లు గెలిపించినవాడు. ఊరు ఊరంతా లేచి కూర్చుంది. రోలండ్ ఊళ్ళోకి వచ్చిన రెండో రోజే వెర్లిన్ ఇంటి వంటగదిలో ఉన్నాడు. నోరీన్ క్యాబేజీ, గొడ్డు మాంసం కూరి కాల్చిన బీరాక్ రొట్టెలు పెడితే మూడు తిన్నాడు. పాత ఆట మళ్ళీ తెస్తున్నానన్నాడు. ఆ ఆట అడుగు అడుగునా తెలిసినవాళ్ళు కాలేజీలో ఇక తామిద్దరే కాబట్టి, బంతి తమ చేతిలో ఉన్నప్పటి దాడి ఆట మొత్తానికి వెర్లిన్‌నే పెద్దగా పెడతానన్నాడు. ఇక వసంతంలో సాధన మొదలయ్యాక డెల్మర్ గారు వచ్చి కుర్రాళ్ళ ముందు నిలబడాలి, ఆయన్ని ఒప్పించే పని కూడా మీదే అన్నాడు.

"డ్వైట్‌ని కూడా తెద్దామనుకున్నా కోచ్. పరుగు వాడంత బాగా నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. కాని వాడున్న చోటికి పెద్దాయన రాడు కదా. చేసిన పని అలాంటిది."

నోరీన్ బల్ల తుడుస్తోంది. వెర్లిన్ కప్పులోకి చూస్తూ, సరే అన్నట్టు తల ఊపాడు. రోలండ్ వెళ్ళిపోయాక ఆమె గుడ్డ పక్కన పెట్టి అతని ఎదురుగా కూర్చుంది.

"ఆ అబ్బాయి పేరు ఎవరెత్తినా నువ్వు పళ్ళెం వంక చూస్తావు. నాలుగేళ్ళుగా చూస్తున్నా. ఏం జరిగింది?"

చెప్పాడు. చాలాసేపు పట్టింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఆ నాలుగేళ్ళలో తను లైబ్రరీలో ఎంతమందితో కలిసి డ్వైట్‌ని తిట్టిందో గుర్తుచేసుకుందేమో, ముఖం కందిపోయింది. ఆ పెళ్ళికి నాతో దుప్పట్లు ఎంపిక చేయించావు అని మాత్రం అంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున కాఫీ పెట్టి, అతని పికప్ తాళాలు కప్పు పక్కన ఉంచింది.

డెల్మర్ పొలం ఊరికి పదకొండు మైళ్ళు. ముసలాయన కొట్టం ముందు గొడ్డలికి పదును పెడుతున్నాడు. వెర్లిన్‌ని చూసి ముఖం విప్పారింది. రోలండ్ సంగతి విన్నాననీ, ఇక మీ ఇద్దరూ కలిసి అందరి రోగం కుదర్చండనీ అన్నాడు. వెర్లిన్ దిగి, బండి తలుపు మూయడం కూడా మర్చిపోయి, చెప్పడం మొదలుపెట్టాడు.

బేల్ పేరు దగ్గరే పట్టేసింది. పెదాలు అతుక్కుపోయాయి. డెల్మర్ గొడ్డలి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, ఎప్పట్లాగే ఎదురుచూస్తూ నిలబడ్డాడు. జీవితంలో ఆ ఒక్కసారి వెర్లిన్ మనసులో వేడుకున్నాడు, ఈయన మాట అందిస్తే బాగుండునని, అర్థమైందిలే అని ఆపితే బాగుండునని. ఆయన ఆపలేదు. చలిగాలిలో ఒక్కొక్క ముక్కా బయటికొచ్చేదాకా నిలబడి, పూర్తిగా విన్నాడు.

తర్వాత అడిగాడు.

"ఆ రెండోది కూడా నువ్వేనా? నాకు తెలుసన్నది?"

"న్... నేనే కోచ్."

"నాకు తెలియదురా. ఆట బాగానే ఉందనుకున్నా." డెల్మర్ గొంతు పెరగలేదు. "ఆ పేపర్లో చదివి, నేనే ఎక్కడో, ఎవరితోనో, నోరు జారి ఉంటానని నాలుగేళ్ళు వెతుక్కున్నా. ఏ ఆట తర్వాత అన్నానా, బస్సులో అన్నానా అని. ఆఖరికి, అనే ఉంటాను, నాకే నమ్మకం పోయి ఉంటుంది అనుకున్నా."

వెర్లిన్ క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. ఆ మాట ఇప్పుడు ఎత్తితే తన బరువు కూడా ఆయన్నే మొయ్యమన్నట్టు ఉంటుందనిపించి ఎత్తలేదు.

డ్వైట్ నంబరు నీ దగ్గరుందా అని డెల్మర్ అడిగాడు. వెర్లిన్ జేబులోంచి కాగితం తీసిచ్చాడు. ముసలాయన దాన్ని కళ్ళకి దూరంగా పెట్టుకుని చూసి, ఇంట్లోకి నడిచాడు. వంటింటి కిటికీలోంచి ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని, తల గోడకి ఆనించి మాట్లాడటం కనిపించింది. తిరిగి బయటికి రాలేదు. కాసేపటికి వెర్లిన్ బండి తిప్పుకున్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా ట్రాక్టర్ల దుకాణానికి వెళ్ళాడు. అప్పటికే డ్వైట్‌కి తెలుసు, ముసలాయన ఫోన్లో ఏడ్చాడట. డ్వైట్ కొనడానికి వచ్చినవాళ్ళ మధ్యలోంచి బయటికొచ్చి, వరసగా నిలబెట్టిన ఆకుపచ్చ ట్రాక్టర్ల పక్కన ఆగాడు. వెర్లిన్ నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నాకు చెప్పక్కర్లేదు. మా మామగారు నన్ను ద్రోహి అని పిలిచాడు, మా ఆవిడ ముందు. మా చర్చి మార్చుకున్నాం. మీరు నా పెళ్ళికొచ్చి నా కేకు తిన్నారు. వాళ్ళందరూ నన్ను ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి. అందరూ ఉండగా."

లోపలికి వెళ్ళిపోయాడు.

ఓస్టర్‌మన్ జట్టు అభిమానుల సంఘం ప్రతి ఏటా ఫిబ్రవరిలో చర్చి కింది హాల్లో ఒక శనివారం ఉదయం అందరినీ ఫలహారానికి పిలుస్తుంది. ఆ ఏడు కొత్త కోచ్‌ని చూడటానికి నూట యాభై మంది వచ్చారు. పెనం మీది నుంచి తీసిన అట్లు, సాసేజీలు, పెద్ద డబ్బాల్లో కాఫీ. వెర్లిన్ రోలండ్‌కి ముందురోజే అంతా చెప్పేశాడు. రోలండ్ విని, తల పట్టుకుని కూర్చుని, రేపు మీరు మాట్లాడండి, మీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం అన్నాడు.

రోలండ్ పరిచయం చెయ్యగానే చప్పట్లు మోగాయి. ఇన్నేళ్ళలో వెర్లిన్ మైకు ముందు నిలబడింది లేదు. మొదటి మాటే పట్టేసింది. ఎవరో ముందు బల్ల దగ్గర ముచ్చటగా నవ్వారు, తొందరలేదు కోచ్ అన్నారు. తర్వాత అతని నోట్లోంచి వస్తున్నదేమిటో తెలిసేకొద్దీ ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. తను బేల్‌తో ఏమన్నాడో ఆ రెండు మాటలూ యథాతథంగా చెప్పాడు. డ్వైట్ ఏమీ అనలేదని చెప్పాడు. తనకి మొదటి రోజు నుంచీ తెలిసి కూడా ఊరుకున్నానని చెప్పాడు. ఇదంతా మామూలు మనిషి నిమిషంలో చెప్పేది. అతనికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాలూ నూట యాభై మంది ఎక్కడ చూడాలో తెలియక పళ్ళేలు చూసుకున్నారు. కో-ఆప్ హోటల్ యజమాని ఒక్కడే తల పైకెత్తి ఉన్నాడు. డ్వైట్‌ని తన హోటల్లోకి రావద్దన్నది అతనే. డ్వైట్ భార్యతో వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. డెల్మర్ రాలేదు.

అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. వెర్లిన్ మైకు వదిలి నడిచొస్తుంటే దారిలో కుర్చీలు కొంచెం కొంచెం పక్కకి జరిగాయి. నోరీన్ తన పక్కన ఖాళీగా ఉంచిన కుర్చీలో అతను కూర్చున్నాడు. ఆమె అతని పళ్ళెంలోకి ఒక అట్టు వేసింది. తినలేకపోయాడు.

ఆ వారంలోనే రోలండ్ తన నిర్ణయం చెప్పాడు. దాడి ఆటకి పెద్ద డ్వైట్. వెర్లిన్‌కి ఇష్టమైతే ముందు వరసవాళ్ళకి పాఠం చెప్పొచ్చు, డ్వైట్ కింద. పొమ్మంటే పోయేవాడే, ఉండమన్నారు కాబట్టి ఉన్నాడు. ఉండటమే ఎక్కువ కష్టమైంది. ఇరవై నాలుగేళ్ళు చిన్నవాడైన డ్వైట్ ప్రతి ఉదయం కాగితం చేతికిచ్చి, ఇవాళ ఇదీ పని అని చెప్పేవాడు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. 'కోచ్' అనడం మానేసి 'వెర్లిన్' అనేవాడు. కుర్రాళ్ళకి కూడా అంతా తెలుసు. వాళ్ళలో ఒకడు, ఎడమవైపు ఆడే బండవాడు, మొదటి వారంలో ఏదో తప్పు చేసి తిట్లు తిని, కనీసం నేనెవర్నీ అమ్మలేదు కదా అని గొణిగాడు. వెర్లిన్‌కి వినిపించింది. చెవులు కాలిపోయాయి. అయినా వంగి, నేల మీద చెయ్యి ఆనించి, ఆ అడుగు మళ్ళీ చేసి చూపించాడు.

ఆ ఏడు ఐదు గెలిచి ఐదు ఓడారు. మరుసటి ఏడు ఎనిమిది గెలిచారు. ఊరు డ్వైట్‌ని నెత్తిన పెట్టుకుంది, తిట్టినవాళ్ళే ముందుగా. వెర్లిన్‌తో కూడా జనం మళ్ళీ మాట్లాడసాగారు. పంటల సంగతి, వాన సంగతి. ఆట సంగతి మాత్రం అతని దగ్గర ఎవరూ ఎత్తేవారు కాదు.

రోలండ్ వచ్చిన ఆ మొదటి ఏడే డెల్మర్ వసంతకాలం సాధనకి వస్తానన్నాడు. కాని ఆయన కళ్ళలో పొర కమ్మి బండి నడపలేకపోతున్నాడు. మంగళవారం, గురువారం ఎవరైనా వెళ్ళి తీసుకురావాలి. రోలండ్ అడిగితే, ఆ దారి తనకి బాగా తెలుసని వెర్లిన్ అన్నాడు. ఆయన ఒప్పుకోడనుకున్నారు. ఒప్పుకున్నాడు. ఎక్కుతాడు, కూర్చుంటాడు, పదకొండు మైళ్ళూ కిటికీలోంచి చూస్తాడు. మైదానంలో దిగాక పని మాటలే. మూడో నంబరువాడి కాలు ఆలస్యం అవుతోందంటాడు. అవునంటాడు వెర్లిన్. వెనక్కి దింపేటప్పుడు బండి దిగి, తలుపు వేస్తూ, గురువారం అంటాడు. అలా మూడేళ్ళు నడిచింది.

మూడో ఏడు ఏప్రిల్‌లో ఒక రోజు, సగం దారిలో డెల్మర్ చెయ్యెత్తి పక్క మట్టిరోడ్డు చూపించాడు. "అటు పోనీ. గోధుమ ఎలా లేచిందో చూద్దాం," అన్నాడు. వెర్లిన్ బండి తిప్పి, పొలం గట్టు పక్కన ఆపాడు. డెల్మర్ తలుపు పట్టుకుని మెల్లగా దిగాడు. చీలమండ దాకా పెరిగిన పచ్చటి పైరులోకి నాలుగడుగులు వేసి, వంగి, కళ్ళకి సరిగా ఆనక చేత్తో తడిమి చూశాడు. గాలికి ఆయన కోటు అంచులు ఎగురుతున్నాయి. తననీ దిగి రమ్మని ఆయన అనలేదు. వెర్లిన్ ఇంజను ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, ఆయన చూడటం పూర్తయ్యేదాకా బండిలోనే కూర్చున్నాడు.